కోలారులో మా అక్క కాపాడిన తాబేలు

తిరుపతి వాళ్ళకి కోలారు జిల్లా అంటే బెంగళూరు బస్సులో నిద్రపోతూ దాటేసే చోటు. పలమనేరు దాటాక కళ్ళు మూసుకుంటే హోసకోట దగ్గర మెలకువ వస్తుంది. మధ్యలో ఏముందో యాభై ఏళ్ళు దాటినా నేను పట్టించుకోలేదు. మొన్న జూన్‌లో, తొలి వానలు పడ్డాక, మొదటిసారి కళ్ళు తెరిచి చూశాను. తెరిపించింది మా విశాలక్క.

ఆమె గురించి కొంచెం చెప్పాలి. హైస్కూల్లో లెక్కల టీచరుగా రిటైరైంది, గొంతు మాత్రం ఇంకా సర్వీసులోనే ఉంది. వాళ్ళ అపార్టుమెంటులో పచ్చదనం కమిటీకి అధ్యక్షురాలు. ఆ పదవికి ఎన్నిక జరగలేదు. తానే అధ్యక్షురాలినని ఆమె ప్రకటించింది, మిగతావాళ్ళు ప్రాణభయంతో ఒప్పుకున్నారు. తడిచెత్తలో పొడిచెత్త కనిపిస్తే ఆ సంచీ పట్టుకుని, అది ఎవరిదో వాళ్ళ ఇంటి తలుపు కొడుతుంది.

"ఊటీ, కొడైకెనాల్ అన్నీ జనం వెళ్ళి వెళ్ళి పాడుచేసేశారు రా చిన్నా. మనం ఎవరూ వెళ్ళని చోటికి వెళదాం" అంది.

"దాన్ని పాడుచెయ్యడానికా?" అన్నాను.

"బాధ్యతగా చూసి రావడానికి" అంది. ఆ 'బాధ్యతగా చూడటం' అన్న మాట ఎక్కడో వీడియోలో విన్నదట.

నాకు తల నెరిసినా ఆమెకి నేను చిన్నాగానే మిగిలిపోయాను కాబట్టి కారు తీశాను. బావ రానన్నాడు. ఆయన రోజంతా టీవీలో జంతువుల చానల్ చూస్తూ ఉంటాడు. "ఇంట్లోనే అడవి ఉండగా మళ్ళీ బయటికి పోవడమెందుకు" అన్నాడు. అడవి అన్నది టీవీనా, అక్కనా అని నేను అడగలేదు.

ముళబాగిలు

నంగిలి దాటి మొదట ఆగింది ముళబాగిలులో, దోసె కోసం. ఇక్కడి దోసె మన దోసెలాగా పళ్ళెం దాటి బయటికి వేలాడదు. అరచేతికి కొంచెం పెద్దదిగా, మందంగా, అంచులు కరకరలాడుతూ ఉంటుంది. లోపల ఎర్రకారం, బంగాళదుంప కూర. పైన వెన్న ఎంత వేస్తారంటే, తిన్నాక చెయ్యి కడిగినా ఆ పూటంతా స్టీరింగు జారుతూనే ఉంటుంది. తిరుపతిలో ఒకరు తినే డబ్బుకి ఇక్కడ ఇద్దరం తిని కాఫీ కూడా తాగాం.

తినే ముందు చిన్న రగడ జరిగింది. ప్లేటు మీద పల్చని ప్లాస్టిక్ కాగితం పరిచి దాని మీద దోసె వేస్తున్నారు. అక్క సంచీలోంచి సొంత స్టీలు పళ్ళెం తీసి ముందు పెట్టింది. హోటలాయన పరిగెత్తుకొచ్చాడు.

"ఏమ్మా, మా ప్లేటుకేమైంది?"

"ప్లేటు బాగుంది. ఆ కాగితం వద్దు."

"కాయితం ఎయ్యకపోతే ఎంగిలి ప్లేటంటారు, ఏస్తే మీరిట్లంటారు. ఇంగ సుమ్నే ఉత్త చేతిలో పెట్టేదా దోసె?" అని నవ్వి, వెనక నుంచి అరిటాకు ముక్క తెప్పించాడు. "యాడి నుంచి వచ్చినారు?"

"తిరుపతి" అన్నాను.

"అయ్యో! మేమంతా మీ ఊరికి పోతాం, మీరు ఊరొదిలి మా ఊరికి వచ్చినారా? ఆ దేవుడు ఎవరికోసం నిలబడుకోవాల పాపం?"

అక్కకి ఆ మాట నచ్చలేదు. దోసె నచ్చింది. ఇంకోటి తెప్పించుకుంది.

ఆవని

ముళబాగిలుకి దగ్గర్లోనే ఆవని కొండ. కింద పాత గుడులు, పైకి పోయేకొద్దీ ఒకదాని మీద ఒకటి పడిపోతాయేమో అన్నట్టున్న బండరాళ్ళు. సీతమ్మ ఇక్కడే ఉందని, లవకుశులు ఇక్కడే పుట్టారని చెప్పుకుంటారు. ఆ మెట్లు ఎక్కి పిల్లల్ని పెంచింది అంటే ఆ తల్లికి ఇంకో దండం పెట్టాలి.

సగం కొండెక్కేసరికి మోకాళ్ళు నా మాట వినడం మానేశాయి. అక్క మాత్రం పైపైకి పోతూ దారంతా క్లాసు తీసుకుంది. స్పీకరు పెట్టి పాటలు వింటున్న కుర్రాళ్ళ చేత స్పీకరు ఆపించింది. వాళ్ళు "సారీ ఆంటీ" అని, ఆమె మలుపు తిరగ్గానే మళ్ళీ పెట్టారు. కోతులకి బిస్కెట్లు వేస్తున్న ఒక కుటుంబాన్ని నిలబెట్టి, మనం తిండి అలవాటు చేస్తే అవి అడవిలో వెతుక్కోవడం మరిచిపోతాయని, తర్వాత మనుషుల మీద పడతాయని వివరంగా చెప్పింది. అన్నీ నిజాలే. ఆమె అది చెబుతుండగానే ఒక గండుకోతి వెనక నుంచి వచ్చి, ఆమె భుజం సంచీలోంచి పెరుగన్నం డబ్బా లాక్కుని బండెక్కింది.

"అన్నం పోతే పోనీ రా, ఆ స్టీలు డబ్బా కొండ మీద వదిలి రాకూడదు!" అని అక్క బండ కిందే నిలబడింది. కోతి తీరిగ్గా మూత తీసి, దానిమ్మ గింజలు ముందు ఏరుకుని తిని, తర్వాత మిగతాది ఖాళీ చేసి, డబ్బా కిందికి విసిరింది. ఆ రోజు ఆవని కొండ మీద కోతులకి అందరికన్నా ఘనంగా భోజనం పెట్టింది మా అక్కే. బిస్కెట్ల కుటుంబం నవ్వు ఆపుకోలేక దిగిపోయింది.

కేజీఎఫ్

సాయంత్రానికి కేజీఎఫ్‌లోని రాబర్ట్‌సన్‌పేట చేరి లాడ్జిలో దిగాం. బంగారు గనులు మూసేసి చాలా ఏళ్ళైనా ఊరు మాత్రం గనిని వదలలేదు. ఇళ్ళ వరుసల్ని 'లైన్లు' అంటారు. దారి అడిగితే "ఆ షాఫ్టు దాటి ఎడమకి" అని ఎప్పుడో ఆగిపోయిన గని బావిని గుర్తుగా చెబుతారు. వీధిలో తమిళం, కొట్లో కన్నడం, బేరంలో తెలుగు, తిట్టడానికి ఇంగ్లీషు. మేం తిన్న మెస్సులో ఆవిడ ఈ నాలుగూ ఒకే వాక్యంలో పెట్టి మాకు రసం పోసింది.

పొద్దున్నే కారు లాడ్జిలో వదిలి, స్థానికులకి నాలుగు డబ్బులు రావాలని అక్క పట్టుబడితే సెల్వం అనే ఆయన ఆటో ఎక్కాం. వాళ్ళ నాన్న గనిలో పనిచేశాడట. ఆయన మమ్మల్ని సైనైడ్ దిబ్బల దగ్గరికి తీసుకెళ్ళాడు. దూరం నుంచి చూస్తే ఎడారి దేశాన్ని ఎవరో తెచ్చి ఊరి మధ్యలో కుప్ప పోసినట్టు ఉంటుంది. రాత్రి వాన పడినందువల్ల అంచులన్నీ కొత్తగా కోసుకుపోయి ఉన్నాయి.

"ఇది మట్టి కాదు సార్. బంగారం తీసేసినంక మిగిలిన పిప్పి. సైనైడ్ ఏసి కడిగింది" అన్నాడు సెల్వం. "బెంగళూరు నుంచి ఫోటోకి వస్తారు సార్. ఎక్కతారు, జారతారు, నవ్వతారు. గాలి కాలంలో ఆ దుమ్ము మా ఇండ్లల్లోకి వస్తుంది. వాళ్ళు దిగి పోతారు. దుమ్ము మాతోనే ఉంటుంది."

అక్క చెప్పులు కూడా అటు తిప్పలేదు. దూరం నుంచే చూసింది. ఆ తర్వాత ఊరి బయట గడ్డి మైదానంలో సెల్వం ఆటో ఆపి వేలు చూపించాడు. కృష్ణజింకలు! అక్క ఆటో ఇంజను ఆపించింది, నా ఫోను మోగకుండా చేయించింది, చివరికి నా దగ్గుని కూడా ఆపించింది. అవి కాసేపు మేసి, ఎవరో పిలిచినట్టు ఒక్కసారిగా తలలెత్తి, ఎగిరెగిరి పోయాయి. ముందున్న మగజింక కొమ్ములు మెలికలు తిరిగి ఎండలో మెరిశాయి. ఆ నిమిషం కోసమైనా మీరు కేజీఎఫ్ వెళ్ళాలి.

"చూశావా? దగ్గరికి పోకుండా, తాకకుండా, అరవకుండా చూడటం అంటే ఇదీ" అంది అక్క. ఆమె ముఖం దీపంలా వెలిగిపోతూ ఉంది. ఆ వెలుగుకి ఆయుష్షు మధ్యాహ్నం దాకానే అని మా ఇద్దరికీ తెలియదు.

బేతమంగళ దారిలో

బేతమంగళలో పాలారు నీళ్ళు నిలబెట్టిన పెద్ద జలాశయం ఉంది. ఒకప్పుడు గనులకీ ఊరికీ తాగునీళ్ళు అక్కడి నుంచే వచ్చేవట. కారు తీసుకుని అటు బయల్దేరాం. రెండు పక్కలా మామిడితోటలు, మధ్యలో రాగి చేలు, ముళ్ళకంపలు, చిన్న చిన్న గుట్టలు. ఎదురుగా మామిడికాయల లారీలు.

"ఆపు! ఆపు!" అని అక్క అరిచింది. నేను బ్రేకు వేసేసరికి ఆమె ఒక కాలు బయట పెట్టేసింది.

రోడ్డు మధ్యలో తాబేలు. కొబ్బరిచిప్ప బోర్లించినంత ఉంటుంది. నల్లటి డిప్ప మీద పసుపు గీతలు, నక్షత్రాల్లాగా. ఎంత బాగుందంటే, ఎవరో కూర్చుని రంగులు వేసి వదిలినట్టుంది. అది మాత్రం తన అందం సంగతి ఏమీ పట్టనట్టు, ఆఫీసుకి ఆలస్యమైన గుమాస్తాలాగా దీక్షగా నడుస్తోంది.

వెనక లారీ హారను కొట్టింది. అక్క తాబేలును రెండు చేతులా ఎత్తింది. అది బుస్సుమని తల లోపలికి లాక్కుంది.

"అటు పక్కన వదిలేసి రా" అన్నాను.

"మళ్ళీ రోడ్డు మీదికి వస్తే? ఈ లారీలు చూశావా? పాపం నీళ్ళ కోసం వెతుక్కుంటోంది రా. మనం ఎటూ చెరువు దగ్గరికే కదా పోతున్నాం!" అని ఒడిలో పెట్టుకుని కారెక్కింది.

నాకూ అది సబబుగానే తోచింది. తాబేలు, చెరువు. చిన్నప్పుడు పుస్తకంలో బొమ్మ కూడా అలాగే ఉండేది.

పక్క తోటలోంచి ఒకామె చెయ్యెత్తి గట్టిగా ఊపుతూ ఏదో అంటోంది. ఏసీ వేసుకుని అద్దాలు మూసేశాం కాబట్టి ఏమీ వినబడలేదు. "ఎంత మంచి మనుషులో చూడు, ముక్కూ మొహం తెలియనివాళ్ళకి కూడా టాటా చెబుతున్నారు" అని అక్క నవ్వుతూ తనూ చెయ్యి ఊపింది.

కొంత దూరం పోయాక తాబేలు ఆమె ఒడి తడిపింది. "పసిబిడ్డ" అంది అక్క, చీర మార్చుకోకుండానే.

కట్ట మీద

బేతమంగళ కట్ట మీద నిలబడితే గాలి చొక్కాని లాక్కుపోతుంది. నీళ్ళ మధ్యలో తెల్లకొంగలు, అంచున చేపలు పట్టేవాళ్ళు. మనలాంటి యాత్రికులు వదిలి వెళ్ళిన చిప్సు పొట్లాలు, సీసాలు కూడా ఉన్నాయి. అక్క వాటిని చూసి పళ్ళు నూరింది. కానీ చేతిలో తాబేలు ఉండటంతో ఏరలేకపోయింది.

నీళ్ళ అంచున తాబేలును దింపి, "పో నాన్నా" అంది. చాలాసేపటికి అది తల బయటపెట్టింది. నీళ్ళని చూసింది. వెనక్కి తిరిగింది. కట్ట వైపు నడవడం మొదలుపెట్టింది.

అక్క దాన్ని పట్టుకుని మళ్ళీ నీళ్ళ వైపు తిప్పింది. అది మళ్ళీ తిరిగింది. ఎన్నిసార్లు తిప్పినా అంతే. చేపలు పట్టేవాళ్ళు గాలాలు వదిలేసి చుట్టూ చేరారు.

"దానికి కండ్లు కనపడవేమోమ్మా" అన్నాడు ఒకాయన.

"దానికి బాగానే కనపడతాది. ఆయమ్మకే ఏందో అయినట్లుండాది" అన్నాడు ఇంకొకాయన.

విద్యార్థి మాట విననంత మాత్రాన మా అక్క పాఠం ఆపిన మనిషి కాదు. చీర కుచ్చిళ్ళు పైకి దోపి, తాబేలును పట్టుకుని నీళ్ళలోకి దిగింది. మోకాలి లోతులో వంగి దాన్ని వదిలింది.

అది రాయిలా మునిగింది.

ఈదడం లేదు, తేలడం లేదు. నీళ్ళ అడుగున నాలుగు కాళ్ళూ కొట్టుకుంటున్నాయి. అక్క కేక వేసి రెండు చేతులూ ముంచి దాన్ని అందుకుంది. ఆ తొందరలో బురదలో కాలు జారి, నడుము దాకా నీళ్ళలో కూలబడిపోయింది. అయినా తాబేలును మాత్రం తన తలకన్నా పైకెత్తి పట్టుకునే ఉంది. నేను బూట్లతోనే దిగి ఆమెను లాగాను. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నాకూ నవ్వు రాబోయింది కానీ అక్క ముఖం చూసి ఆగిపోయాను. తాబేలు ముక్కులోంచి నీళ్ళు బుడగలుగా వస్తున్నాయి.

"ఫోను. మీ బావకి చెయ్యి" అంది.

స్పీకరు పెట్టాను. అటు టీవీ మోగుతోంది.

"ఏమండీ, తాబేలు నీళ్ళలో మునిగిపోతుందా?"

టీవీ ఆగింది. పెళ్ళయినప్పటి నుంచీ అక్క ఆయన్ని ఒక సందేహం అడగడం నేను వినలేదు.

"ఎట్లాంటి తాబేలు?"

"నల్లగా... పైన పసుపు నక్షత్రాలు."

"అది నేల తాబేలు విశాలా! దానికి ఈత రాదు. కొంపదీసి నీళ్ళలో వేశావా?"

"వేసి, తీసింది బావా" అన్నాను నేను.

"తల కిందికి వాల్చి పట్టుకోండి, నీళ్ళు కారిపోనీ. ఆ... మీ మీద గానీ పోసిందా?"

"పోసింది."

"భయమేస్తే అట్లా పోసేస్తుంది. ఒంట్లో దాచుకున్న నీళ్ళవి, పాపం. దాన్ని యాడ తీశారో ఆడే వదలండి. వేరే చోట వదిలితే దానికి తిండీ తెలీదు, దారీ తెలీదు. ఇంకో మాట. అది దగ్గరుంచుకుంటే నేరం. ఎవరైనా పట్టుకుంటే నా పేరు మాత్రం చెప్పొద్దు."

తల వాల్చి పట్టుకుంటే కాసేపటికి అది కాళ్ళు కదిపింది. అక్క గట్టు మీద తడి చీరతో కూర్చుని, "చంపేసేదాన్ని రా చిన్నా. నా చేతుల్తో" అంది.

అప్పుడు ఇస్త్రీ నలగని తెల్లచొక్కా వేసుకున్న ఒకతను ముందుకొచ్చాడు. అంతవరకూ గుంపు వెనక నిలబడి ఉన్నాడు.

"అమ్మా, మీకెందుకు ఈ తంటా? నాకియ్యండి. ఇంట్లో ఉంటే లక్ష్మి. బెంగళూరులో మావాళ్ళు శానా బాగా చూసుకుంటారు. మీకూ ఏదో ఒకటి ఇస్తాను."

అతను అడిగిన తీరులో ఎక్కడా కంగారు లేదు. దానికే నాకు భయం వేసింది. అక్క కొంగు తాబేలు చుట్టూ కప్పి లేచింది. "ఇది నాది కాదు. మీకెట్లా ఇస్తాను?" అని కారు వైపు నడిచింది. మేం బయల్దేరేసరికి అతను మోటారుసైకిలు స్టార్టు చేశాడు.

ఇదే కారు

వచ్చిన దారిలోనే వెనక్కి వెళ్ళాం. అద్దంలో తెల్లచొక్కా. దగ్గరికీ రాడు, దూరమూ పోడు. పైగా ఆ చోటు ఎక్కడో మా ఇద్దరికీ గుర్తులేదు. మామిడితోట, ముళ్ళకంప, మామిడితోట. అన్నీ ఒకే తోటను అచ్చు గుద్దినట్టున్నాయి.

"ఒకామె టాటా చెప్పింది కదా, ఆ తోట" అంది అక్క.

"ప్రతి తోటలోనూ ఒకామె ఉంది అక్కా."

ఇలా వాదించుకుంటూ ఒక మలుపు తిరిగేసరికి, రోడ్డుకి అడ్డంగా పాలక్యాన్లు కట్టిన మోపెడు. దాని పక్కన పంచె ఎగగట్టిన ఒకాయన, ఇంకో నలుగురైదుగురు, వాళ్ళ ముందు చేతిలో కొడవలితో ఒకామె.

"ఇదే కారు! ఆంధ్రా నంబరు! దిగండి ముందు!" అన్నాడు పాలక్యాన్ల ఆయన. పేరు మునిరాజు అని తర్వాత తెలిసింది. కొడవలి ఆమె ఆయన వదిన రత్నమ్మ. తోట వాళ్ళదే. ఇంట్లో పట్టుపురుగులకి మల్బరీ ఆకు కోస్తూ అలాగే వచ్చేసిందట. కొడవలి మా కోసం కాదు, కానీ ఆ సంగతి అప్పుడు మాకెలా తెలుస్తుంది?

"ఈయమ్మే!" అంది రత్నమ్మ అక్కని చూపించి. "మా తాబేలును ఎత్తుకోని కారులో ఏసుకునింది. నేను 'పెట్టు, పెట్టు' అని గొంతు పోయేలాగా అరిస్తే, నవ్వతా టాటా చెప్పి పోయింది! దొంగల్ని శానామందిని చూసినాను గానీ టాటా చెప్పే దొంగని ఇదే చూసేది."

"మేం దొంగలం కాదు" అన్నాను.

"మరి ఎనకాల ఆయప్ప ఎవురు? మీ జతేనా?" అన్నాడు మునిరాజు.

వెనక్కి చూశాం. తెల్లచొక్కా మోటారుసైకిలు తిప్పుతున్నాడు. మునిరాజు గబగబా ఫోను తీసి ఆ బండి నంబరు ఫోటో తీశాడు. "వీడా! తాబేళ్ళ కోసం ఈ పక్క తిరగతా ఉంటాడని ఫారెస్టోళ్ళు చెప్పినారు. ఇప్పుడే పంపిస్తాను" అన్నాడు. తెల్లచొక్కా దుమ్ము లేపుకుంటూ పోయాడు. మా మీద అనుమానం మాత్రం పోలేదు.

అక్క కారు దిగింది. నడుము దాకా బురద, జుట్టు రేగిపోయి ఉంది. కొంగులో తాబేలు. అపార్టుమెంటులో చెత్త కలిపినవాళ్ళని నిలబెట్టి కడిగేసే మనిషి. ఇప్పుడు తనే నిలబడింది. ఏదో ఒక వాదన తీస్తుందని చూశాను. లారీలని, ప్రమాదమని, ఉద్దేశం మంచిదని.

"తప్పయిపోయింది తల్లీ" అంది. "లారీ కింద పడుతుందని తీశాను. నీళ్ళలో వదిలితే బతుకుతుందనుకున్నాను. మునిగిపోబోయింది. మళ్ళీ తెచ్చాను. దీని చోటు ఎక్కడో చూపించు."

రత్నమ్మ ఆమెని పైనుంచి కిందిదాకా చూసింది. కొడవలి మునిరాజు చేతికిచ్చింది.

"నీళ్ళలో ఏసినావా? ఇంగ నయం, పొయ్యి మీద ఎయ్యలేదు" అంది. "రా. ఆ గుట్ట పక్కకి పోతా ఉండింది. వానలు పడినాయంటే ఒకటో రెండో ఇట్ల దాటతానే ఉంటాయి. నాకు కనబడితే చేత్తో పట్టుకోని రోడ్డు దాటిచ్చి, అది యా పక్కకి పోతా ఉంటే ఆ పక్కకే వదిలేస్తా. అంతే పని. కారు ఎందుకు దానికి?"

గుట్ట పక్కన

రోడ్డు దాటి, ముళ్ళకంపల మధ్య గడ్డిలో అక్క దాన్ని దింపింది. తాబేలు డిప్పలోకి ముడుచుకుని రాయిలా ఉండిపోయింది.

"బతికే ఉందా?" అంది అక్క.

"ఇంగ నోరు మూసుకోని కూసోండి. మనుషుల మాట ఇనబడితే తల బయట పెట్టదు" అంది రత్నమ్మ.

దూరంగా వెళ్ళి మామిడి చెట్టు కింద కూర్చున్నాం. అక్క నిజంగానే నోరు మూసుకుంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి అంతసేపు ఆమె మౌనంగా ఉండగా చూడలేదు. మునిరాజు కూడా పాలు పోయడానికి ఆలస్యమవుతున్నా కదల్లేదు. లారీలు పోతున్నాయి. చీమలు నా కాలెక్కి సావకాశంగా కుడుతున్నాయి. గట్టిగా గోకడానికి కూడా భయపడ్డాను.

రత్నమ్మ ఇంటికి పోయి ఊట తెచ్చింది. ఊట అంటే ఇక్కడ భోజనం. రాగిముద్ద, ఉప్పుసారు అనే పల్చని చారు, పక్కన నూరిన పచ్చిమిరపకాయల కారం. మన సంగటిలో అన్నం మెతుకులు కలుస్తాయి, వీళ్ళ ముద్దలో రాగిపిండి ఒక్కటే. ముక్క తుంచి, సారులో ముంచి, నమలకుండా మింగాలి. నేను అలవాటు కొద్దీ నమిలాను. అది పళ్ళకి అంటుకుని నోరు తెరుచుకోలేదు. రత్నమ్మ చీర కొంగు నోట్లో కుక్కుకుని, చప్పుడు రాకుండా, భుజాలు ఊగేలా నవ్వింది. దొంగల స్థాయి నుంచి చుట్టాల స్థాయికి మేం చేరింది అప్పుడే అనుకుంటాను.

అక్క పళ్ళెం ముట్టుకోలేదు. ఆమె కళ్ళు గడ్డి మీదే ఉన్నాయి.

ముందు ఒక ముక్కు కనబడింది. తర్వాత ముడతల మెడ. అది అటూ ఇటూ చూసింది. పక్కనున్న ఆకు ఒకటి కొరికి, రుచి చూసి, ఇంకో ముక్క కొరికింది. తర్వాత పొద్దున రోడ్డు మీద ఎంత దీక్షగా నడుస్తోందో అంతే దీక్షగా గుట్ట వైపు నడిచింది. మధ్యలో జరిగిన కారు, చెరువు, ఫోను, కొడవలి, ఏదీ తనకి సంబంధించిన విషయం కానట్టు. కంపలో దూరింది. కాసేపు ఆకులు కదిలాయి. తర్వాత అవీ ఆగాయి.

అక్క కళ్ళు తుడుచుకుని పళ్ళెం దగ్గరికి లాక్కుంది. ముద్ద చల్లారి గట్టిపడిపోయి ఉంది. అంతా తినేసింది.

శ్రీనివాసపురం, అంతరగంగె

మూడో రోజు శ్రీనివాసపురం మామిడి మండీకి పోయాం. ఊరు ఊరంతా పండు వాసన. లారీల పక్కన గుట్టలుగా తోతాపురి, బేనీషా, మల్లిక. కొనకపోయినా కోసి చేతిలో పెడతారు. "తినండమ్మా, తిన్నంక బేరం ఆడేదానికి బలమొస్తాది" అన్నాడు ఒక వ్యాపారి. గుడ్డ సంచుల నిండా కొన్నాం. టెంకలు పారేయడానికి చోటు అడిగితే, ఆయన తన ఆవుల బుట్ట చూపించాడు.

మధ్యాహ్నం కోలారు ఊరి పక్కన అంతరగంగె కొండ. రాతి ఎద్దు నోట్లోంచి నీళ్ళు పడుతూనే ఉంటాయి, ఎక్కడి నుంచి వస్తాయో తెలియదంటారు. మెట్ల మీద మా ముందు పోతున్న ఒక కుర్రాడు బిస్కెట్ పొట్లం జారవిడిచాడు. ఇక ఉరుము వస్తుందని నేను చెవులు సిద్ధం చేసుకున్నాను. అక్క వంగి దాన్ని తీసి, "బాబూ, నీది పడిపోయినట్టుంది" అని అందించింది. ఆ అబ్బాయి సిగ్గుపడి జేబులో పెట్టుకున్నాడు. అక్క పూర్తిగా మారిపోయిందని రాయాలని ఉంది కానీ, పై మెట్టు మీద గుట్కా ఉమ్మిన ఒకాయనకి జరిగింది చూశాక ఆ మాట రాయలేను.

మీరు కూడా వెళ్ళండి. తొలి వానల తర్వాత వెళితే రాళ్ళు కడిగినట్టుంటాయి, మామిడి చవక, దోసె ఎప్పుడైనా బాగుంటుంది. చెత్త సంగతి మీకు చెప్పనక్కర్లేదు, చెప్పాల్సి వస్తే మా అక్క ఎలాగూ చెబుతుంది. నేను చెప్పేది ఇంకోటి. కారులో కూర్చున్నవాళ్ళకి బయట కనబడే ప్రతి జీవీ కష్టాల్లో ఉన్నట్టే తోస్తుంది. చాలాసార్లు అది తన పని మీద పోతూ ఉంటుంది. దారి ఇవ్వండి. ఎవరైనా తోటలోంచి చెయ్యి ఊపితే మాత్రం అద్దం దించి, ఏమంటున్నారో వినండి.

తిరుపతికి వచ్చిన నాలుగైదు వారాలకి మునిరాజు ఫోను నుంచి అక్కకి ఒక వాయిస్ మెసేజి వచ్చింది. గొంతు రత్నమ్మది. వెనక లారీ హారను వినబడుతోంది. అక్క దాన్ని బావకి వినిపించింది, నాకు వినిపించింది, తర్వాత పచ్చదనం కమిటీ మొత్తాన్ని కూర్చోబెట్టి వినిపించింది.

"అమ్మా, మన తాబేలు ఇప్పుడే మళ్ళీ రోడ్డు దాటింది. ఈసారి ఎవురూ కాపాడలేదు. బాగుండాది."